కెర్నల్ కోడు ముందేసుకుని కూర్చునే అబ్బాయిని ఆపొద్దు

ప్రశ్న: మాది పర్లాకిమిడి, బట్టల కొట్టు. మా అబ్బాయి గుణుపురంలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో ఏడు. రాత్రిళ్లు లినక్స్ కెర్నల్ కోడు ముందేసుకుని కూర్చుంటాడు. ఫైల్ సిస్టమ్‌లో పర్మిషన్ తనిఖీలు సరిచేస్తానంటాడు. పైసా రాదు. తోటివాళ్లంతా అమీర్‌పేట కోచింగులకు వెళ్తుంటే మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆపకండి. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం. ఫైళ్లను డిస్కులో సర్దిపెట్టే భాగం ఫైల్ సిస్టమ్. ఏ ఫైలును ఎవరు చదవొచ్చో, ఎవరు మార్చొచ్చో ప్రతిసారీ చూసేది కెర్నలే. ఆ తనిఖీ ఒక్కచోట తప్పినా మామూలు యూజర్ చేతికి వేరేవాళ్ల అధికారం వెళ్లిపోతుంది. మీ చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోనైతే అందులో ఉన్నదీ లినక్స్ కెర్నలే.

2018లో బయటపడిన ఒక లోపం చూడండి. సెట్‌జీఐడీ అనే పర్మిషన్ గుర్తున్న డైరెక్టరీలో (ఫోల్డర్‌లో) కొత్త ఫైలు పెడితే దానికి ఆ డైరెక్టరీ గ్రూపే, అంటే దాని మీద ఉమ్మడి హక్కులున్న యూజర్ల బృందమే వస్తుంది. అది పద్ధతే. కానీ ఆ గ్రూపులో లేనివాడికి కూడా అక్కడ రాసే వీలుంటే, వాడు అదే గుర్తుతో ప్రోగ్రాం ఫైలు పెట్టి (ఆ గుర్తున్న ప్రోగ్రాం గ్రూపు అధికారంతో నడుస్తుంది), గ్రూపు అధికారం సంపాదించగలిగేవాడు. ఇనోడ్_ఇనిట్_ఓనర్ అనే ఫంక్షన్‌లో షరతు చేర్చి దాన్ని మూశారు: గ్రూపు సభ్యుడు కాకపోతే ఆ గుర్తు తీసేయాలి. అయితే ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఆ పనిని సొంత కోడులో చేసుకునేది. అక్కడ లోపం అలాగే ఉండిపోయి, సీవీఈ-2021-4037 పేరుతో (సీవీఈ అంటే బయటపడ్డ భద్రతా లోపానికిచ్చే నంబరు) మళ్లీ నమోదైంది. అబ్బాయిని ఈ రెండు ప్యాచ్‌లూ (కోడులో చేసిన దిద్దుబాట్లు) పక్కపక్కన పెట్టుకుని చదవమనండి. ఒకచోట సరిచేశాక అదే తప్పు ఇంకెక్కడ దాక్కుందో వెతికే అలవాటు ఏ కోచింగ్‌లోనూ రాదు.

ప్యాచ్ కంటే ముందు టెస్ట్ రాయమనండి. ఫైల్ సిస్టమ్‌లను పరీక్షించే ఎక్స్‌ఎఫ్‌ఎస్‌టెస్ట్స్‌లో అలాంటివి బోలెడున్నాయి, చూసి నేర్చుకోవచ్చు. సొంత ల్యాప్‌టాప్‌లో క్యూఈఎంయూ అనే సాఫ్ట్‌వేర్‌తో వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్) పెట్టుకుంటే చాలు. కాలేజీ సర్వర్ మీద మాత్రం ఎప్పుడూ ప్రయత్నించకూడదు. ఇది గట్టిగా చెప్పండి. దుర్వినియోగం చేయగలిగే లోపం దొరికితే బయట చెప్పకుండా కెర్నల్ సెక్యూరిటీ బృందానికే మెయిల్ పంపాలి. లినక్స్ ఫౌండేషన్ వాళ్ల ఉచిత కోర్సు ఎల్‌ఎఫ్‌డి103తో మొదలుపెట్టొచ్చు.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియాతో పెరిగిన మన పిల్లలు ఇంగ్లీషులో రాయాలంటే జంకుతారు. ప్యాచ్‌తో పంపే వివరణకు గొప్ప ఇంగ్లీషు అక్కర్లేదు. తప్పు ఏమిటి, ఎలా తెలిసింది, ఈ మార్పు ఎందుకు అన్నవి నాలుగు వాక్యాల్లో వస్తే చాలు. సమీక్షకులు రెండు మూడుసార్లు తిప్పి పంపడం అక్కడ మామూలే. అబ్బాయి ముఖం మాడ్చుకుని కనిపిస్తే చదువు పోయిందని కంగారు పడకండి.

ఉద్యోగం సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. ఫ్రెషర్‌ను నేరుగా కెర్నల్ పనికి తీసుకునే కంపెనీలు తక్కువ. రెడ్ హ్యాట్, సూసే లాంటివి, స్టోరేజ్, చిప్ కంపెనీలు అడిగే పని ఇదే. కానీ తొలి ఉద్యోగం టెస్టింగ్‌లోనో ఎంబెడెడ్‌లోనో (పరికరాల్లో ఇమిడి ఉండే సాఫ్ట్‌వేర్) రావచ్చు. అందుకే క్యాంపస్ సెలక్షన్లకు ఆప్టిట్యూడ్, డేటా స్ట్రక్చర్స్ మానకూడదు. పగలు అవి, రాత్రి ఓ రెండు గంటలు కెర్నల్ అని ఒప్పందం చేసుకోండి. కెర్నల్‌లో చేరిన ప్యాచ్ ఒక్కటున్నా రెజ్యూమెలో మొదటి లైనుగా పెట్టమనండి. అందులో ప్రతి అక్షరం గురించీ ఇంటర్వ్యూలో అడుగుతారు.