హాస్టల్లో ఉన్న అబ్బాయి 'నేనుండి ఏం లాభం' అంటున్నాడు, నమ్మాలా?

ఇంటర్ ఫస్టియర్ చదువుతున్న మీ అబ్బాయి, హాస్టల్లో అందరూ ఏడిపిస్తున్నారని, 'నేనుండి ఏం లాభం' అని రెండుసార్లు ఫోన్లో అన్నాడని రాశారు. ఇంటికి రావడానికి వేస్తున్న ఎత్తేమోనని మీ వారి అనుమానం. సరే, ఎత్తే అనుకుందాం. పదహారేళ్ల పిల్లాడు ఇంటికి రావడానికి అంత మాట అనాల్సి వచ్చిందంటే, మామూలు మాటలన్నీ చెప్పి చూసి ఉంటాడు.

ఈరోజే వెళ్లండి. ఆదివారం అవుటింగ్ దాకా ఆగకండి.

నాకు నత్తి. 2008లో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో చేర్పించారు. మొదటి వారంలోనే నా పేరు 'గీతల సీడీ' అయింది. ఇంగ్లిష్ క్లాసులో లేచి చదవమంటే వెనక బెంచీలు నా నత్తిని అందుకుని కోరస్ పాడేవి. లెక్చరర్ కూడా నవ్వేవాడు. వీకెండ్ టెస్టుల్లో మార్కులు తగ్గి సెక్షన్ మార్చారు. పెట్టె, పరుపు మోసుకుని కొత్త రూముకి వెళ్లేసరికి ఆ పేరు నాకంటే ముందే చేరిపోయింది. వార్డెన్ ఫోన్లో నాన్నకి చెబుదామంటే వెనక పదిమంది లైను. మాట బయటికొచ్చేలోపే 'సర్దుకో నాన్నా, రెండేళ్లేగా' అనేవారు.

దసరా సెలవుల్లో నా వాచీ తమ్ముడికిచ్చేశాను. ఇంట్లో అందరూ మురిసిపోయారు, బాబాయి తప్ప. సాయంత్రం బజ్జీల బండి దగ్గరికి తీసుకెళ్లి, 'చచ్చిపోవాలనిపిస్తోందా రా?' అని సూటిగా అడిగాడు. అవునని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆయన మధ్యలో అందుకోలేదు, తిట్టలేదు, ఒట్టు వేయించుకోలేదు. బజ్జీలు చల్లారిపోయాయి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామందికి భయం. పుట్టదు. నాకైతే ఆ మాట ఒక్కడినే మొయ్యాల్సిన పని తప్పింది.

మళ్లీ ఆ హాస్టల్‌కి వెళ్లలేదు. సైకియాట్రిస్టుకి చూపించారు, మా ఊరి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేరాను. కట్టిన ఫీజు పోయిందని నాన్న ఆర్నెల్లు బాధపడ్డారు, తర్వాత ఆ ఊసే ఎత్తలేదు.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. తల్లిదండ్రులూ చేయొచ్చు, ఇప్పుడే చేయండి. ఎలా, ఎప్పుడు అనే దాకా వాడి ఆలోచన వెళ్లిందని తెలిస్తే ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రిన్సిపాల్ 'ఇవన్నీ మామూలే' అంటే, విశాఖలో ఒక నీట్ విద్యార్థిని మరణం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో గుర్తుచేయండి. వందమంది, అంతకుమించి పిల్లలుంటే కౌన్సెలర్ ఉండాలి, వీలైనంతవరకు మార్కులను బట్టి బ్యాచులు విడగొట్టకూడదు. ఆ గొడవ రేపు పడొచ్చు. బ్యాగు సర్దుకోమని ముందు మీరే చెప్పండి, వాడు అడిగేదాకా చూడకండి.