అప్పు సంగతి నలుగురిలో చెప్పుకోవచ్చా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది మదనపల్లె. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి కె.ఆర్. పురంలో ఉంటున్నాం. నేను ఒక ఆసుపత్రిలో బిల్లింగ్ సెక్షన్‌లో పనిచేస్తాను, చేతికి 38,000 వస్తుంది. మా ఆయన క్యాబ్ నడుపుతారు. కారు కంతు, ఇంటి అద్దె ఆయనవి. ఇంటి ఖర్చు, పాప స్కూలు నావి. నాన్నకు గుండె ఆపరేషన్ అయినప్పుడు మొదలైన అప్పు ఇప్పటికి ఇలా తేలింది. పెద్ద క్రెడిట్ కార్డు మీద 1,84,000, ఇంకో కార్డు మీద 62,000, పర్సనల్ లోన్ 2,40,000 (నెలకు 9,800 కంతు), పిన్ని దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష, రెండు లోన్ యాప్‌లలో కలిపి 21,000. ఆఫీసులో లక్ష రూపాయల చీటీ వేశాను, నెలకు 5,000. ఇంకా ఎనిమిది నెలలుంది, పాడుకోలేదు. నాకున్న బంగారం రెండు గాజులు, మూడు తులాలు. కార్డులకు మినిమమ్ తప్పకుండా కడుతున్నా బాకీ తగ్గడం లేదు. మా ఆయనకు పర్సనల్ లోన్ సంగతి ఒక్కటే తెలుసు.

ఈ మధ్య టెలిగ్రామ్‌లో అప్పుల్లో ఉన్న తెలుగువాళ్ల గ్రూప్ ఒకటి కనపడింది. పేర్లు ఉండవు. ప్రతి నెలా జీతాలు పడ్డాక ఎవరి బాకీ ఎంత తగ్గిందో రాస్తారు. రోజూ చదువుతున్నాను కానీ నా సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. చేరిన వారానికే ఒకాయన విడిగా మెసేజ్ పెట్టి, 15,000 ముందు కడితే కార్డుల బాకీ సగానికి సెటిల్ చేయిస్తానన్నారు. ముక్కూ మొహం తెలియని వాళ్లకు చెప్పుకోవచ్చా? సెటిల్‌మెంట్‌కు వెళ్లమంటారా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, బెంగళూరు

జవాబు: అమ్మా, ముందు ఆ 15,000 సంగతి. కట్టకండి. ఆయన నంబర్ బ్లాక్ చేసి, ఆ మెసేజ్‌ను గ్రూప్ నడిపేవాళ్లకు పంపండి. ఇలాంటి గ్రూపుల్లోకి ఇలాంటివాళ్లు వస్తారు, ఎందుకంటే భయపడి ఉన్నవాళ్లు ఎక్కడ దొరుకుతారో వాళ్లకు బాగా తెలుసు. సెటిల్‌మెంట్ అనేది మీకూ బ్యాంకుకూ మధ్య నేరుగా, రాతలో జరగాల్సిన పని. డబ్బు మీ కార్డు ఖాతాలోకే పోవాలి, మధ్య మనిషి చేతికి కాదు. పైగా అలా తీర్చిన అప్పు మన అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో ‘క్లోజ్డ్’ అని కాక ‘సెటిల్డ్’ అని పడుతుంది. ఉద్యోగం పోయి, కట్టడానికి దారే లేని మనిషికి అది ఆఖరి మార్గం. నెలనెలా జీతం వస్తున్న మీకు ఆ మచ్చ అక్కర్లేదు.

ఇక బాకీ ఎందుకు తగ్గడం లేదో చూద్దాం. పిన్ని దగ్గర రెండు రూపాయల వడ్డీ అని రాశారు, అది ఎక్కువని మీకు తెలుసు. మరి కార్డు వడ్డీ ఎన్ని రూపాయలో ఎప్పుడైనా చూశారా? చాలా కార్డుల మీద నెలకు మూడున్నర శాతం దాకా ఉంటుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. రెండూ కలిపితే నూటికి నాలుగు రూపాయల పదమూడు పైసల వడ్డీ. మదనపల్లెలో ఎవరైనా ఆ వడ్డీ అడిగితే మీరు గుమ్మం దిగి వచ్చేసేవారు. మీ పెద్ద కార్డుకు మినిమమ్ ఐదు శాతం లెక్కన 9,200 కడుతూ ఉంటారు. అందులో వడ్డీకీ జీఎస్టీకీ దాదాపు 7,600 పోతుంది, అసలుకు చేరేది 1,600. పర్సనల్ లోన్, రెండు కార్డుల మినిమమ్, పిన్ని వడ్డీ, చీటీ అన్నీ కలిపి 29,100 పోతున్నాయి. మిగిలిన 8,900తో బెంగళూరులో ఇల్లూ స్కూలూ నడవవు కాబట్టి కిరాణాకు మళ్లీ అదే కార్డు గీస్తున్నారు. పాత బాకీ పూర్తిగా తీరనంత కాలం కొత్తగా గీసిన దానికి యాభై రోజుల దాకా వడ్డీ లేని ఆ గడువేమీ ఉండదు, గీసిన రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఇది మీ చేతకానితనం కాదమ్మా, లెక్క అలా ఉంది.

దీన్నుంచి బయటికి రావడానికి మీ దగ్గర రెండు ఆధారాలున్నాయి, చీటీ, గాజులు. చీటీ ఈసారే పాడేయండి. కొంత తోసినా తొంభై వేల దగ్గర చేతికి రావచ్చు. ఆఫీసు చీటీలకు రిజిస్ట్రేషన్ ఉండదు. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం అవి నడపకూడదు కూడా. రేపు ఏదైనా అయితే అడిగే దిక్కుండదు, కాబట్టి అందులోని మీ డబ్బు బయటికి రావడమే మంచిది. ఆ డబ్బుతో చిన్న కార్డు 62,000 మొత్తం కట్టి, కార్డు మూసేయించి, బాకీ లేదని ఉత్తరం తీసుకోండి.

యాప్‌ల బాకీ ఆ చీటీ డబ్బులో మిగిలినదానితో కట్టే ముందు ఒక పని చేయండి. ఏ బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ తరఫున అప్పు ఇచ్చారో ఆ యాప్‌లో రాసి ఉండాలి. లోన్ యాప్‌ల జాబితా 2025 జులై నుంచి రిజర్వ్ బ్యాంక్ వెబ్‌సైట్‌లో ఉంది. మీ యాప్ అందులో ఉంటే మొత్తం కట్టి రసీదు తీసుకుని తీసేయండి. లేకపోతే, వారానికోసారి ‘గడువు పెంపు’ పేరుతో అడిగే డబ్బు ఇంక కట్టొద్దు. చేతికి ఎంత వచ్చింది, ఇప్పటిదాకా ఎంత కట్టారు అన్నది స్క్రీన్‌షాట్లతో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి, మీ పోలీస్ స్టేషన్‌లోనూ ఒక కాపీ ఇవ్వండి. మీ కాంటాక్టులు, ఫొటోలు చూసే అనుమతి యాప్‌లు అడగకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022లోనే చెప్పింది. ఇచ్చి ఉంటే ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఇప్పుడే తీసేయండి. ఒక యాప్ తీర్చడానికి ఇంకో యాప్‌లో తీసుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

గాజులు కుదువ పెట్టమంటే బాధగా ఉంటుందని తెలుసు. కానీ బ్యాంకులో బంగారంపై అప్పు ఏడాదికి పది శాతం అటూఇటూగా దొరుకుతుంది, అంటే నూటికి రూపాయి కూడా లేదు. ఇప్పటి ధరకు మూడు తులాల మీద బ్యాంకు ఇచ్చే మొత్తంతో మీ పెద్ద కార్డు తీరిపోతుంది. 1,84,000కు నెలకు 7,600 పోయే చోట 1,530 పోతుంది. అయితే ఒక షరతు. ఆ కార్డు బాకీ తీర్చిన రోజే దాన్ని మూసేయాలి. మూయకపోతే ఆరు నెలల్లో గాజులు బ్యాంకులో, బాకీ మళ్లీ కార్డులో ఉంటాయి. ఇది నేను బ్యాంకు బ్రాంచిలో పనిచేస్తూ ఎంతోమంది విషయంలో చూశాను.

ఇలా చేస్తే నెలకు పోయేది 29,100 నుంచి 18,330 దగ్గరికి దిగుతుంది. మిగిలే దానిలో 8,000 నెలనెలా పిన్ని అసలుకు పంపండి, ఏడాది తిరిగేసరికి ఆ లక్ష తీరుతుంది. చీటీ అయిపోయాక ఆ 5,000 గాజుల అప్పుకు. పర్సనల్ లోన్‌ను ఇప్పుడు కదపకండి, మిగతా వాటితో పోలిస్తే దాని వడ్డీ తక్కువే ఉంటుంది, కంతు ప్రకారం పోనివ్వండి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. గ్రూప్‌లో రాయండి అనే నేను చెబుతాను. బెంగళూరు రాకముందు నేను చిత్తూరు జిల్లాలో డ్వాక్రా సంఘాలకు అప్పులిచ్చే బ్రాంచిలో పనిచేశాను. నెలకోసారి ఆడవాళ్లంతా చాప మీద కూర్చునేవాళ్లు, పుస్తకం మధ్యలో ఉండేది, ఎవరు ఎంత కట్టారో పైకి చదివేవాళ్లు. కట్టలేని నెల కూడా వచ్చి కూర్చుని ‘ఈ నెల నా వల్ల కాలేదు’ అని చెప్పిన మనిషి తర్వాత కట్టేది. సమావేశానికే రాని మనిషి గురించే మాకు టెన్షన్. మీ గ్రూప్ చేసేది అదే పని, చాప బదులు ఫోన్ ఉంది.

తర్వాత బెంగళూరు బ్రాంచిలో ఒక టైలర్ వచ్చారు, అనంతపురం వైపు మనిషి. అప్పులన్నీ ఒకే లోన్‌గా మార్చుకోవాలని కాగితం మీద రాసుకొచ్చారు. నేను చదువుతుంటే ఆయన బొటనవేలు కాగితం కింది అంచు మీదే ఉంది. ఆ అంచు వెనక్కి మడిచి ఉంది. ‘అక్కడేముందండీ’ అంటే చాలాసేపు పలకలేదు. విప్పితే వారం వడ్డీకి తెచ్చిన 40,000. మిగతా అన్నింటినీ పెంచుతున్నది ఆ ఒక్క వరుసే. అప్పుల్లో ఉన్నవాళ్లు దాదాపు అందరూ ఒకటి దాచి లెక్క చెబుతారు. పేరు లేని చోట ఆ మడత విప్పడం తేలిక, అందుకే మీకు ఆ గ్రూప్ పనికొస్తుంది.

రాసేటప్పుడు బాకీ అంకె రాయండి, బ్యాంకు పేరు, కార్డు నంబర్, మీ ఆసుపత్రి పేరు, ఊరు వద్దు. స్క్రీన్‌షాట్ పెట్టాల్సి వస్తే పేరూ నంబరూ చెరిపేయండి. గ్రూప్‌లో ఎవరికీ డబ్బు ఇవ్వకండి, ఎవరి దగ్గరా తీసుకోకండి, పాప ఫీజుకు రెండు వేలైనా సరే. అక్కడ డబ్బు చేతులు మారిన రోజు ఆ గ్రూప్ చెడుతుంది. తగ్గిన నెలే కాదు, పెరిగిన నెల కూడా రాయండి. ముఖ్యంగా సంక్రాంతికి ఊరు వెళ్లే ముందే రాయండి: బస్సు టికెట్లకు ఇంత, అమ్మానాన్నలకు బట్టలకు ఇంత, ఇంతకు మించి ఖర్చు పెట్టను అని. మన అప్పుల్లో చాలా భాగం ఊళ్లో మొహం చిన్నబోకూడదని చేసేవే. నేను ఇంతే పెడతానని పదిమందికి ముందే చెప్పుకున్నవాళ్లకు బట్టల షాపులో చెయ్యి ఆగుతుంది.

కానీ గ్రూప్ మీ ఆయనకు బదులు కాదమ్మా. గాజులు కుదువ పెట్టేది ఆయనకు తెలియకుండా జరగకూడదు. పాప పడుకున్నాక, ఆయన భోంచేసి కాస్త తేరుకున్నాక, ఒకే కాగితం మీద అన్నీ రాసి ముందు పెట్టండి. ఒక వైపు బాకీలు, ఇంకో వైపు పైన చెప్పిన దారి. సగం ఈరోజు, సగం వచ్చే నెల చెప్పొద్దు. కోపం వస్తుంది, రానివ్వండి. నాన్న గుండె కోసం చేసిన అప్పు ఇది, తల దించుకోవాల్సిన పని లేదు.

నిద్ర పట్టడం లేదన్న మాట తేలిగ్గా తీసుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. దేశమంతటికీ దీన్ని సమన్వయం చేసేది మన బెంగళూరు నిమ్‌హాన్స్ సంస్థే. మనసు బాగా కుంగిన రాత్రి ఒంటరిగా ఉండకండి, మీ ఆయన్ని లేపండి.

ప్రశ్న: మేడమ్, మేం బొమ్మనహళ్లిలో ఒకే పీజీలో ఉండే ఆరుగురు ఫ్రెండ్స్‌మి, అందరం రాయలసీమ వాళ్లమే. అందరికీ కార్డు అప్పులున్నాయి. వాట్సాప్ గ్రూప్ పెట్టుకుని నెలకు తలా మూడు వేలు వేసి, ఎవరి అప్పు పెద్దదైతే వాడిది ముందు తీర్చేద్దామనుకుంటున్నాం. ఎలా ఉంది?
– ఒక పాఠకుడు

జవాబు: మంచి మనసు నాయనా, గ్రూప్ పెట్టుకోండి, డబ్బు మాత్రం కలపొద్దు. మూడో నెలలో ఒకడికి ఉద్యోగం మారి హైదరాబాద్ వెళ్తాడు, అప్పటికే తన వంతు అందుకుని ఉంటాడు. స్నేహం పోతుంది, అప్పు మిగులుతుంది. ఎవరి మూడు వేలు వాళ్ల కార్డుకే అదనంగా కట్టి, కట్టిన రసీదు గ్రూప్‌లో పెట్టండి. ఒకే పీజీలో ఉంటున్నారు కాబట్టి బయటి గ్రూపులకు లేని వీలు మీకుంది. వారంలో నాలుగు రాత్రులు ఆర్డర్ పెట్టే బదులు వంట చేసుకోండి, మిగిలిన డబ్బు ఆ రాత్రే కార్డుకు కట్టేయండి. జీతం రోజు వరకు ఆగితే అది వేరే దానికి పోతుంది. మీలో ఎవరైనా గ్రూప్‌లో పలకడం మానేస్తే, మెసేజ్ పెట్టకుండా వాడి మంచం దగ్గరికి వెళ్లి కూర్చోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఎలహంకలో ఉంటాడు. వాడి అప్పు కోసం ఎవరో నాకు రోజూ ఫోన్ చేసి తిడుతున్నారు. నేను సంతకం ఏమీ పెట్టలేదు. నేను కట్టాలా?
– ఒక తల్లి

జవాబు: హామీ సంతకం పెట్టకపోతే మీరు కట్టాల్సిన బాధ్యత లేదమ్మా. రికవరీ ఏజెంట్లు అప్పు తీసుకున్న మనిషికైనా ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బంధువులను, స్నేహితులను వేధించడం అసలే కూడదు. ఫోన్ రికార్డు చేసి, తేదీ, సమయం, నంబర్ ఒక నోటుబుక్‌లో రాసిపెట్టండి. అవి జత చేసి మీ అబ్బాయి చేత ఆ బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయించండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకులపై ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, ఫీజు ఉండదు. వివరాలకు 14448. బెదిరిస్తే మాత్రం ఆ 30 రోజులు ఆగక్కర్లేదు, నేరుగా పోలీసులకు చెప్పండి. మీ అబ్బాయిని తిట్టకుండా ఒకసారి ఇంటికి రమ్మని పిలవండి, లెక్క రాసుకుని తెచ్చుకోమనండి.