కాగితాల లాయరమ్మ జవాబులు

ప్రశ్న: నమస్తే మేడమ్. అమెరికాలో జేడీ, అంటే లాయరు కావడానికి చదివే లా డిగ్రీ, ఫస్ట్ ఇయర్ చదువుతున్నా. మీరు విల్లులు, ట్రస్టులు రాసే లాయరు కదా, లా స్టూడెంట్ల మనసు గురించి మీకెందుకింత పట్టింపు అని ఎప్పట్నుంచో డౌటు. అసలు సంగతేంటంటే రెండు నెలలుగా నాకు సరిగ్గా నిద్ర లేదు, క్లాసులో పేరు పిలిచి ప్రశ్న అడుగుతారేమోనని గుండె దడ. కౌన్సెలింగ్‌కి వెళ్తే రేపు బార్ లైసెన్స్, అంటే లాయరుగా ప్రాక్టీస్ చేసే అనుమతి, ఇవ్వరని సీనియర్లు అంటున్నారు, నిజమేనా? మీరు చేసే ఎస్టేట్ ప్లానింగ్, అంటే మనిషి తర్వాత ఆస్తి ఎవరికో ముందే రాసిపెట్టే పని, అయితే ప్రశాంతంగా ఉంటుంది కదా, అందులోకి వచ్చేద్దామనుకుంటున్నా.
- పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ముందు సీనియర్ల మాట చూద్దాం. అది పూర్తి అబద్ధం కాదు, చిక్కంతా అక్కడే. ఒకప్పుడు చాలా రాష్ట్రాల బార్ అప్లికేషన్లలో మానసిక జబ్బేమైనా ఉందా, ట్రీట్‌మెంట్ తీసుకున్నారా అని సూటిగా అడిగేసేవాళ్ళు. లూసియానాలో ప్రవర్తనని కాకుండా జబ్బు పేరు చూసి లైసెన్సుకి షరతులు పెడుతున్నారని ఫెడరల్ జస్టిస్ డిపార్ట్‌మెంట్ కలగజేసుకుంది, 2014లో అక్కడి సుప్రీంకోర్టుతో ఒప్పందం కుదిరింది. న్యూయార్క్ 2020లో ఆ ప్రశ్నే తీసేసింది. ఇంకా అడిగే రాష్ట్రాలున్నాయి, అందుకే మీరు ఎక్కడ ప్రాక్టీస్ చేద్దామనుకుంటున్నారో ఆ రాష్ట్రం ఫారమ్ మీరే తెరిచి చదవండమ్మా, కారిడార్లో విన్నది కాదు. అడిగే చోట కూడా కౌన్సెలింగ్‌కి వెళ్ళారన్న ఒక్క కారణంతో లైసెన్సు ఆపేయడం చాలా అరుదు. అబద్ధం రాసి దొరికితే మాత్రం గొడవే, అక్కడ వాళ్ళు చూసేది మీ నిజాయితీ.

మీరొక్కరే ఇలా ఉన్నారనుకోకండి. 2014లో 15 లా కాలేజీల్లో సర్వే చేస్తే 3,300 మందికి పైగా జవాబిచ్చారు, 42 శాతం మంది గడిచిన ఏడాదిలో మనసుకి సాయం కావాలనిపించింది అన్నారు, వాళ్ళలో నిజంగా వెళ్ళింది సుమారు సగం మందే. మిగతావాళ్ళని ఆపిన పెద్ద కారణాల్లో సరిగ్గా మీ భయమే ఉంది.

ఇక నా పట్టింపు సంగతి. నేను రోజూ రాసే కాగితాల్లో పవర్ ఆఫ్ అటార్నీ ఒకటి, మీకు చేతకాని రోజు వస్తే మీ తరఫున ఎవరు చూసుకోవాలి అని అడిగి ఒక పేరు రాయించుకుంటాను. కొందరు ఆ ప్రశ్న దగ్గర ఆగిపోతారు, పదేళ్ళు వాయిదా వేసి వచ్చినవాళ్ళు కూడా అక్కడే కళ్ళు దించుకుంటారు. నేను లా చదివేటప్పుడు నన్నెవరైనా అడిగుంటే నా దగ్గర పేరు లేదు. సెమిస్టరంతటికీ ఒకటే పరీక్ష, దాని మీదే గ్రేడు, అదీ పక్కవాళ్ళతో పోల్చి వేసే గ్రేడు... మొదటి ఫలితాలొచ్చాక మూడు వారాలు ఇంట్లోవాళ్ళతో కూడా మాట్లాడలేదు, ఫోన్ మోగితే బిజీ అని మెసేజ్ పెట్టేదాన్ని. పక్క సీటు అమ్మాయి చెయ్యి పట్టుకుని కౌన్సెలర్ గది దాకా లాక్కెళ్ళింది కాబట్టి ఇవాళ ఈ కాలమ్ రాస్తున్నా. అప్పట్నుంచి ఏటా కొంతమంది స్టూడెంట్లతో కూర్చుంటున్నా, మాట్లాడేది తక్కువ, వినేదే ఎక్కువ.

మీ కాలేజీ కౌన్సెలింగ్ వద్దనుకుంటే మీ రాష్ట్రంలో లాయర్స్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ అని మానసిక ఇబ్బందుల్లో ఉన్న లాయర్లకి సాయం చేసేది ఉంటుంది, చాలాచోట్ల స్టూడెంట్లకి కూడా సాయం చేస్తారు, విషయం గుట్టుగానే ఉంచుతారు. ఈ వారమే ఫోన్ చేయండి.

ఎస్టేట్ ప్లానింగ్ ప్రశాంతమా అంటే, కోర్టు మెట్లు తక్కువ, అంతవరకు నిజం. కానీ చాలా రాష్ట్రాల్లో విల్లుకి ఇద్దరు సాక్షుల సంతకాలుండాలి, అందులో తేడా ఉంటే బయటపడేది మనిషి పోయాక, దిద్దగలిగిన ఒక్కరూ అప్పటికి ఉండరు. ఆస్పత్రి మంచం పక్కన నిలబడి సంతకం పెట్టించాలి, అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నా టేబుల్‌కి రెండు వైపులా కూర్చుంటారు. పారిపోయి దాక్కోడానికి ఇది చోటు కాదు, మనుషుల కథలు వినడం ఇష్టమైతే మాత్రం రండి. లారెన్స్ క్రీగర్, కెన్నన్ షెల్డన్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు 6,000 మందికి పైగా లాయర్ల మీద చేసిన స్టడీ 2015లో వచ్చింది, అందులో సంతోషానికి జీతం, ర్యాంకులతో ఉన్న సంబంధం చిన్నది, తన పని మీద తనకి పట్టు ఉండటం, మనుషులతో అనుబంధం ఉండటం వీటితోనే గట్టి సంబంధం కనిపించింది. బ్రాంచి ఎంచుకోవడం తర్వాత, ముందు నిద్రపోండి.

ప్రశ్న: మా అమ్మాయి కూడా అమెరికాలో లా చదువుతోంది. ఫోన్ ఎత్తదు, కాలేజీకి చేస్తే తను మేజర్ కదా, ఏమీ చెప్పం అంటున్నారు. ఏ కాగితం ఉంటే నాకు చెప్తారండీ?
- ఒక తల్లి

జవాబు: 18 నిండాక తల్లిదండ్రులకి వైద్య వివరాలు వాటంతటవి రావమ్మా. తనే ఇష్టపడి సంతకం చేస్తే రెండు కాగితాలు పనికొస్తాయి. ఒకటి డాక్టర్లు మీతో మాట్లాడొచ్చని ఇచ్చే హిపా అనుమతి. రెండోది హెల్త్ కేర్ ప్రాక్సీ, అంటే వైద్యం విషయంలో తన తరఫున నిర్ణయించే మనిషి పేరు రాసిచ్చే కాగితం, తను నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉంటేనే అది పనిచేస్తుంది. కాలేజీ రికార్డులకైతే వేరే అనుమతి ఇవ్వాలి. అడిగేటప్పుడు ఒక్కటి, కౌన్సెలింగ్ వివరాలు ఆ అనుమతిలో చేర్చమని అడక్కండి. అమ్మకి తెలుస్తుందంటే ఆ గదిలోకి వెళ్ళడమే మానేస్తుంది.