ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) రాకుండా తాళాలు తీసుకోవద్దు

అమ్మలూ,

జ్ఞానభారతి మెట్రో దగ్గర కట్టబోయే టవర్లో పదహారో అంతస్తు ఫ్లాటు చూసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బెంగళూరులో సొంతిల్లు! ఊళ్ళో అందరికీ చెప్పాలనిపించింది. అంతలోనే, 'బుకింగుకి రెండు లక్షలు కట్టేస్తుందట' అంది. ఇక నిద్ర పడితే ఒట్టు.

ముందు ఆ రెండు లక్షలు ఆపు. రెరా, అంటే బిల్డర్ల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ, దాని దగ్గర ప్రాజెక్టు రిజిస్టరై నంబరు రాకుండా ప్రకటనలు ఇవ్వడానికి గానీ, బుకింగు తీసుకోవడానికి గానీ చట్టం ఒప్పుకోదు. ఆ బుకింగుకే 'ఈఓఐ' (కొనే ఆసక్తి ఉందని చెప్పడం) అని పేరు పెట్టి చెక్కు అడుగుతారు. నంబరు వచ్చాక కర్ణాటక రెరా సైటులో ప్లాను, భూమి పత్రాలు, పూర్తి చేస్తామన్న తేదీ చూసుకో. ఆ తర్వాత కూడా అగ్రిమెంటు రిజిస్టరు కానిదే ధరలో 10 శాతం మించి ఇవ్వకు.

కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల నీకు దక్కే జాగా, దాని లెక్క నీకు తెలిసిందే. మెట్లు, లిఫ్టు, వరండాల్లో వాటా కూడా కలిపిన సూపర్ బిల్టప్ 1,500 చదరపు అడుగులు, అడుగు 9,000 అనుకుంటే కోటీ ముప్పై అయిదు లక్షలు. అందులో కార్పెట్ 1,020 అయితే నీకు అడుగు 13,000 పైనే పడినట్టు. పైన జీఎస్టీ 5 శాతం, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు. ధర 50 లక్షలు దాటింది కాబట్టి బిల్డరుకిచ్చే ప్రతి వాయిదాలోనూ 1 శాతం పన్ను (టీడీఎస్) పట్టుకుని ప్రభుత్వానికి నువ్వే కట్టాలి.

ఇక అసలు సంగతి. ఈ బెంగళూరులో, చదువుకున్నవాళ్ళు కూడా ఏళ్ళ తరబడి చేస్తున్న తప్పు, ఓసీ రాకుండానే గృహప్రవేశం చేసుకోవడం. ఓసీ అంటే, ప్లాను ప్రకారమే కట్టారు, ఇక కాపురం ఉండొచ్చు అని అధికారులిచ్చే కాగితం. ఎందుకు చేస్తారో నాకు తెలుసు. ఒక పక్క అద్దె, ఇంకో పక్క ఈఎంఐ. సరిగ్గా అప్పుడే బిల్డరు మనిషి వచ్చి, 'ఓసీకి అప్లై చేశాం సార్, నెలలో వచ్చేస్తుంది, మీరు కబోర్డుల పని మొదలుపెట్టుకోండి' అంటాడు. ఆ నెల మూడేళ్ళు కావచ్చు. ప్లానులో లేని అంతస్తు వేసినా, చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా తినేసినా, అభ్యంతరం లేదని ఫైరు వాళ్ళిచ్చే చివరి కాగితం (ఎన్‌ఓసీ) రాకపోయినా ఓసీ ఆగిపోతుంది. అప్పటికే నువ్వు లోపల పాలు పొంగించి ఉంటావు. కావేరి కనెక్షను ఉండదు, ట్యాంకర్లే గతి. కరెంటేమో కట్టేటప్పుడు తీసుకున్న టెంపరరీ కనెక్షను మీద, ఎక్కువ రేటుకి. అమ్ముదామంటే కొనేవాడికి బ్యాంకు లోను ఇవ్వదు. ఓసీ చూడకుండా నీళ్ళు, కరెంటు, డ్రైనేజీ ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో చెప్పింది కూడా. 'అక్రమ-సక్రమ వస్తుందిలే' అని ఎవరైనా అంటే నమ్మకు, అక్రమ కట్టడాల్ని జరిమానాతో సక్రమం చేసే ఆ పథకం మీద 2017లోనే సుప్రీంకోర్టు స్టే పడింది.

కాబట్టి అగ్రిమెంటులో 'పొజెషన్' అన్న ప్రతిచోటా 'ఓసీ వచ్చిన తర్వాత' అని రాయించు. చివరి 5 శాతం ఓసీ కాపీ చూపించాకే ఇస్తానని పెట్టించు. ఒప్పుకోనని గునుస్తారు, పట్టుబట్టు. పార్షియల్ ఓసీ (కొంత భాగానికే ఇచ్చినది) చూపిస్తే అందులో నీ టవరు పేరు, నీ అంతస్తు ఉన్నాయో లేదో చదువు. ఓసీ వచ్చాక రెండు నెలల్లో స్వాధీనం చేసుకోవాలని రెరా చట్టంలోనే ఉంది, అంతకుముందు నిన్ను తొందరపెట్టే హక్కు ఎవరికీ లేదు.

ఇంకో భయం నాది. ఆ మైసూరు రోడ్డు పక్కన పారేది వృషభావతి, పేరుకే నది. గ్రామ నక్ష (ఊరి భూముల పటం) తీయించి, నీ సర్వే నంబరులో గానీ దాని అంచున గానీ రాజకాలువ (వాననీటి కాలువ) గీత ఉందేమో చూడు. 2015 మాస్టర్ ప్లాను ప్రకారం పెద్ద కాలువకి 50 మీటర్లు, మధ్యరకానికి 25, చిన్నదానికి 15 మీటర్లు వదలాలి. ఈ గీత దగ్గర తేడా వస్తే జేసీబీ వస్తుంది. సేల్స్ ఆఫీసు ఏసీలో కూర్చోకుండా, వాన పడిన మర్నాడు సైటు గేటు దగ్గర పావుగంట నిలబడి ముక్కుతో కూడా చూడు.

బెంగళూరు యూనివర్సిటీ పక్కనే కదా, పిల్లలకి అద్దెకిచ్చి ఈఎంఐ కట్టేస్తానన్నావట. పిచ్చిదానా! కోటి లోను, ఎనిమిదిన్నర శాతం, ఇరవై ఏళ్ళంటే నెలకి 86,800. అద్దె అందులో సగం వచ్చినా గొప్పే. పైగా ఆ క్యాంపసు వెయ్యి ఎకరాల పైమాట, గేటు పక్కనున్నంత మాత్రాన క్లాసు పక్కనున్నట్టు కాదు. మెట్రో మాత్రం నిజంగా లాభమే. పర్పుల్ లైన్లో రైలు మారకుండా వైట్‌ఫీల్డ్‌లో నీ ఆఫీసుకి పోవచ్చు, గంట పైనే పట్టినా కూర్చుని పోతావు.

తిట్టానని అలగకు. నీ లెక్కలు నువ్వు చూసుకోగలవు, నాకు తెలుసు. అగ్రిమెంటు డ్రాఫ్టు, ముప్పై ఏళ్ళ ఈసీ (భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల వివరాల పత్రం) చేతికి రాగానే పట్టుకుని ఆదివారం ఇంటికి రా. లాయరుకిచ్చే ముందు ఇద్దరం కూర్చుని పేజీ పేజీ చదువుదాం. చెక్కుబుక్కు మాత్రం ఇంట్లో పెట్టి రా.

మీ మామయ్య