బీచర్ కుటుంబం, బానిసత్వం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: బానిసత్వాన్ని ఖండించే నవల ‘అంకుల్ టామ్స్ కేబిన్’ రాసిన హ్యారియట్ బీచర్ స్టో తండ్రి లైమన్ బీచర్ పేరున్న సంస్కర్త కదా. మరి ఆయన నడిపిన సెమినరీ (పాదరీలను తయారుచేసే విద్యాలయం) నుంచే బానిసత్వ వ్యతిరేక విద్యార్థులు ఎందుకు వెళ్లిపోయారు?

జవాబు: లైమన్‌కు (1775–1863) పేరు తెచ్చింది మద్యంపై పోరాటం. కనెటికట్‌లోని లిచ్‌ఫీల్డ్‌లో పాదరిగా ఉన్నప్పుడు చేసిన ఆరు ప్రసంగాల్లో, సారా తగ్గించమని కాదు, పూర్తిగా మానేయమని పిలుపునిచ్చారు. బానిసత్వం దగ్గరికి వచ్చేసరికి ఆ తెగువ కనిపించదు. విముక్తులైన నల్లవారిని ఆఫ్రికా పంపాలనే కాలనైజేషన్ సొసైటీనీ, తక్షణ విముక్తి కోరేవారినీ ఒకే బాటలో నడిపించవచ్చని ఆయన నమ్మారు.

1832లో సిన్సినాటీలోని లేన్ సెమినరీకి అధ్యక్షులయ్యారు. ఒహైయో నది దాటితే కెంటకీ, అక్కడ బానిసత్వం చట్టబద్ధం. ఊరి వర్తకానికి బానిసత్వం ఉన్న దక్షిణాది రాష్ట్రాలే ఆధారం. 1834 ఫిబ్రవరిలో అక్కడి విద్యార్థి థియొడార్ వెల్డ్ ముందుండి 18 రాత్రుల చర్చ నడిపాడు. సగం తక్షణ విముక్తి మీద, సగం కాలనైజేషన్ మీద. కష్టపడి కూడబెట్టిన డబ్బుతో తన స్వేచ్ఛ తానే కొనుక్కున్న జేమ్స్ బ్రాడ్లీ కూడా మాట్లాడాడు. తక్షణ విముక్తి వాదమే నెగ్గింది.

ఊరికి అసలు కంటగింపు అయింది ఆ తర్వాతి పని. విద్యార్థులు నల్లవారికి బడులు పెట్టారు, వారి ఇళ్లకు రాకపోకలు సాగించారు. బడులకు కావలసినంత డబ్బు ఇప్పిస్తాను గానీ, వారి ఇళ్లకు వెళ్లి వీధుల్లో కలిసి నడిస్తే మీరు నిలవలేరని లైమన్ వెల్డ్‌ను హెచ్చరించారు. ఆ వేసవిలో ఆయన చందాల కోసం తూర్పు రాష్ట్రాలకు వెళ్లినప్పుడు ధర్మకర్తలు విద్యార్థుల సంఘాన్నీ, చర్చనూ నిషేధించే నియమాలు తెచ్చారు. లైమన్ ఊళ్లో లేకపోవడమే కారణమని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. తిరిగొచ్చాక కూడా ఆయన ఆ నియమాలను ఎదిరించలేదు. విద్యార్థుల్లో అత్యధికులు సెమినరీ వదిలేశారు. వారిలో చాలామంది 1835లో ఒహైయోలోనే ఉన్న మరో కళాశాల ఒబర్లిన్‌లో చేరారు, అదీ నల్లవారికీ ప్రవేశం ఇవ్వాలనే షరతుపై. న్యూయార్క్ వర్తకుడు ఆర్థర్ టాపన్ విరాళం కూడా అటే మళ్లింది.

ప్రశ్న: హ్యారియట్ నవలకు ప్రేరణ ఏ చట్టం?

జవాబు: 1850 నాటి ఫ్యుజిటివ్ స్లేవ్ చట్టం. పారిపోయి వచ్చిన బానిసలకు ఆశ్రయమిస్తే 1,000 డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు. పట్టుబడ్డ మనిషికి జూరీ లేదు, తన తరఫున సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు. కేసు తేల్చే అధికారి (కమిషనర్) ఆ మనిషిని యజమానికి అప్పగిస్తే 10 డాలర్ల రుసుము, విడిచిపెడితే 5. తప్పుడు తీర్పుకే ఎక్కువ ముట్టేలా రాసిన చట్టమిది.

నవల 1851 జూన్ నుంచి 1852 ఏప్రిల్ దాకా వాషింగ్టన్ పత్రిక ‘నేషనల్ ఎరా’లో ధారావాహికగా వచ్చింది. పుస్తకం 1852 మార్చిలో వెలువడి, మొదటి ఏడాదిలోనే అమెరికాలో సుమారు 3,00,000 ప్రతులు అమ్ముడుపోయింది. ఇదంతా కట్టుకథ అని దక్షిణాది వాళ్లు కొట్టిపారేస్తే, కోర్టు రికార్డులు, పత్రికా ప్రకటనలు, చట్టాలు చేర్చి 1853లో ఆమె మరో పుస్తకం వేసింది. దానిలో నవల తర్వాత సేకరించినవీ ఉన్నాయి. కాబట్టి దాన్ని నవలకు ముడిసరుకుగా చదవకండి.

ప్రశ్న: ఆడపిల్లల చదువు కోసం పాటుపడిన హ్యారియట్ అక్క కేథరిన్ బీచర్ మహిళల ఓటుహక్కును వ్యతిరేకించిందా?

జవాబు: వ్యతిరేకించింది. 1823లో హార్ట్‌ఫర్డ్‌లో ఆడపిల్లల బడి పెట్టింది ఆమే. చెరోకీలను సొంత నేల నుంచి వెళ్లగొట్టవద్దని కాంగ్రెస్‌కు అర్జీలు పెట్టమని 1829లో స్త్రీలను కదిలించిందీ ఆమే. ఎనిమిదేళ్లకే, 1837లో, బానిసత్వంపై స్త్రీల అర్జీలను తప్పుపడుతూ బానిసత్వ నిర్మూలన కోసం పోరాడిన ఏంజెలీనా గ్రిమ్కేకు జవాబుగా పుస్తకం రాసింది. స్త్రీ ప్రభావం ఇంట్లో, బడిలో ఉండాలి గానీ రాజకీయాల్లో కాదని ఆమె వాదన. సవతి చెల్లెలు ఇసబెల్లా హూకర్ మాత్రం ఓటుహక్కు కోసం పనిచేసింది. పెళ్లయిన స్త్రీల ఆస్తిహక్కు కోసం ఆమె భర్త జాన్ రాసిన బిల్లు 1877లో కనెటికట్‌లో చట్టమైంది.