నవంబరులో అంతర్వేది నుంచి ఫుకెట్‌కు జంక్ తెరచాప పడవ

నమస్కారమండి. ఇరవై నాలుగు అడుగుల జంక్ తెరచాప (అడ్డబద్దలు బిగించిన చైనా తరహా తెరచాప) పడవలో నవంబరు మొదటి వారంలో అంతర్వేది నుంచి బయలుదేరి, డిసెంబరులో థాయిలాండ్‌లోని ఫుకెట్‌లో జరిగే కింగ్స్ కప్ తెరచాప పడవల పోటీకి చేరుకోవచ్చునా అని అడిగారు. నాకు అనుమానం పడవ మీద కాదు, నెల మీదే. 1996లో కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టం చేసిన తుఫాను నవంబరు 6న తీరం దాటింది. కాకినాడ నుంచి ఫుకెట్ సుమారు 1,100 నాటికల్ మైళ్లు. నాలుగు నాట్ల (గంటకు నాలుగు నాటికల్ మైళ్ల) వేగంతో పదకొండు, పన్నెండు రోజులు పట్టే ఆ దారికి, బయలుదేరే నాటి వాతావరణ సూచన చివరిదాకా అక్కరకు రాదు.

కాబట్టి ముందటి ఫిబ్రవరిలోనే పడవను అక్కడికి చేర్చి, పోటీ నాటికి మీరు విమానంలో వెళ్లడం మేలు. ఫిబ్రవరి ప్రయాణంలో ఈశాన్య గాలి ఎడమ పక్క నుంచి తగులుతుంది. ఎదురుగాలికి మొరాయించే జంక్ తెరచాపకు అదే అనుకూలం. విదేశీ పడవను ఎన్నాళ్లు ఉంచనిస్తారో థాయ్ కస్టమ్స్‌ను, మీ పడవకు తగిన తరగతి ఉందో లేదో నిర్వాహకులను ముందే అడగండి. ఇసుక మేటలుండే అంతర్వేది ముఖద్వారం కంటే, కస్టమ్స్ పని కూడా పూర్తయ్యే కాకినాడ నుంచి బయలుదేరడం నయం.

1960లో అట్లాంటిక్‌ను పడవలో ఒంటరిగా దాటే పోటీలో రెండవదిగా వచ్చిన 'జెస్టర్' కూడా ఇరవై అయిదు అడుగుల జంక్ తెరచాప పడవే. తాడు వదిలితే మడత మీద మడతగా దిగడం జంక్ తెరచాప సుగుణమే కానీ, అడ్డబద్దలు స్తంభానికి రాసుకునే చోటే అరుగుతాయి. అక్కడ తోలు చుట్టి, రెండు బద్దలు అదనంగా పెట్టుకోండి.