తమ్ముడికి జబ్బు తిరగబెట్టింది, దాచుకున్నదంతా ఇచ్చేయాలా?

ప్రశ్న: మూడేళ్ల కింద తగ్గిపోయిందనుకున్న లింఫోమా (ఒక రకం రక్త క్యాన్సర్) మా తమ్ముడికి మళ్లీ తిరగబెట్టింది. రిటైర్మెంట్ కోసం దాచిన డబ్బంతా తీసి వాడి చేతిలో పెట్టేద్దామనుకుంటున్నాను. మావారు కాస్త ఆగమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఇవ్వండి, కానీ మొత్తం ఒకేసారి తీయకండి. వైద్యం ఏ దారిన వెళ్తుందో ఇంకా తెలియదు కదా. తిరగబెట్టినప్పుడు మామూలుగా మళ్లీ బయాప్సీ చేసి ఏ రకమో నిర్ధారించుకుంటారు. నెమ్మదిగా పెరిగే రకమైతే కొన్నాళ్లు మందు లేకుండా గమనిస్తూ ఉంటామని డాక్టర్లే చెప్పొచ్చు, వేగంగా పెరిగేదైతే మళ్లీ కీమో, అది పనిచేస్తే స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్ (రక్తాన్ని తయారుచేసే మూలకణాలు ఎక్కించడం), కొందరికి కార్-టి చికిత్స (రోగి రోగనిరోధక కణాలనే క్యాన్సర్‌పై పోరాడేలా మార్చి తిరిగి ఎక్కించడం). వీటి ఖర్చుల మధ్య చాలా తేడా ఉంటుంది. ఆ ప్లాన్ కాగితం మీదికి వచ్చేదాకా మీ పొదుపు కదపొద్దు, ఈలోపు స్కాన్‌లకీ రాకపోకలకీ సరిపడా మాత్రం ఇప్పుడే పంపేయండి.

చాలామంది ఆసుపత్రి బిల్లు ఒక్కటే లెక్కేసుకుంటారు. ట్రాన్స్‌ప్లాంట్ అయితే ఆసుపత్రిలోనే దాదాపు మూడు నాలుగు వారాలు, ఇంటికొచ్చాక తేరుకోవడానికి నెలలు పడుతుంది, అన్నాళ్లూ అతని జీతం ఆగిపోతే అద్దె, పిల్లల ఫీజులు, ఈఎంఐలు ఎవరు కడతారు? పక్కన ఒక మనిషి కూడా కావాలి. ఆ మనిషి మీరే అయితే మీ జీతానికీ గండి పడుతుంది, అది కూడా లెక్కలో రాసుకోండి. ట్రాన్స్‌ప్లాంట్‌కి వేరేవాళ్ల మూలకణాలు కావాల్సి వస్తే డాక్టర్లు ముందు చూసేది తోబుట్టువులనే, ఒక్కొక్కరు పూర్తిగా సరిపోయే అవకాశం 25 శాతం. అప్పుడు మీకూ పరీక్షలుంటాయి, సెలవులు కాస్త మిగుల్చుకోండి.

అతనికి ఇన్సూరెన్స్ ఉంటే ఏడాదికి పరిమితి ఎంతో, ఇప్పటికి ఎంత వాడేశారో అడగండి. పెద్ద చికిత్సకు ముందస్తు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. కాదన్నారని వదిలేయకండి, కారణం రాసిమ్మని అడిగి, డాక్టర్ లేఖ జతచేసి అప్పీలు చేయండి. ఆసుపత్రిలో సోషల్ వర్కర్ ఉంటే మందుల కంపెనీల సహాయ పథకాల గురించి కూడా అడగొచ్చు.

అతని అప్పుకి హామీ సంతకం పెట్టకండి, దయచేసి. ఇచ్చేది ఏదైనా తిరిగి రాదనుకునే ఇవ్వండి. అప్పుగా ఇస్తే, తేరుకుంటున్న మనిషికి అక్క ఫోనంటేనే టెన్షన్ మొదలవుతుంది. ఈ ఆదివారం మీవారితో కూర్చుని, ఏడాదిపాటు నెలనెలా ఎంత పంపినా మీ ఇల్లు కుంగదో ఒక అంకె వేసుకోండి. ఆ అంకె తమ్ముడికి చెప్పేయండి, మళ్లీ మళ్లీ అడగాల్సిన అవసరం అతనికి ఉండదు.